బాగుచేయడం ఎవరి కోసం?



మన ఇల్లు కారుతుంటే ఆ ఏడే పెంకు మార్చుకుంటాం. ఊరు కారుతుంటే ఎవరు చూడాలి? ఆసుపత్రి, అంగడి, మంచినీళ్ళ బావి, ఆటస్థలం... ఇవి అందరివీ గనుక ఎవరివీ కావన్నట్టు వదిలేయడం మనకు అలవాటైపోయింది. శ్రీసభ బోధన ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. దేవుడిచ్చిన సంపద సర్వజనుల కొరకు అన్నది ఆ బోధనకు పునాదిరాయి. దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో నగరాల ఉమ్మడి స్థలాలను, ఊరికి గుర్తులుగా నిలిచిన కట్టడాలను కాపాడాలని, అవి 'ఈ ఊరు మాది' అనే భావాన్ని పెంచుతాయని ప్రత్యేకంగా రాశారు. ఆ లేఖ చెట్లు, నీళ్ళ గురించి మాత్రమే అనుకునేవారు మన విచారణలలో ఇంకా చాలామంది ఉన్నారు.

అయితే పాత కట్టడాలను బాగుచేయడం మంచిపని అని చెప్పి ఊరుకుంటే చాలదు. ఎవరి కోసం, ఎవరి నష్టంతో అన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాదు మొజంజాహీ మార్కెట్ 1935 నాటి రాతి కట్టడం. రేకుల షెడ్లు, బోర్డులు, వైర్లు కమ్ముకుని దాని ముఖమే కనబడకుండా పోయింది. 2018లో మరమ్మతులు మొదలై 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. నాకు ఇందులో నచ్చిన సంగతి ఒక్కటే. అంగడి అంగడిగానే మిగిలింది. ఐస్‌క్రీము అమ్మేవారు అక్కడే అమ్ముకుంటున్నారు, సాయంత్రం పూట కుటుంబాలు పిల్లలతో వచ్చి కూర్చుంటున్నాయి. అలాగే సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో నాగన్నకుంట అని పిలిచే పాత మెట్లబావి దశాబ్దాలపాటు చెత్తకుండీగా మారింది. చెత్తనంతా ఎత్తిపోస్తే మెట్లు బయటపడ్డాయి, నీరు ఊరింది. 2022 డిసెంబరులో జనానికి అప్పగించారు. ఈ రెండు చోట్లా పనిచేసినవారికి మెప్పు చెందవలసిందే.

ఉస్మానియా ఆసుపత్రి కథ ఇంత సులువైనది కాదు. 1908లో మూసీ వరద అఫ్జల్‌గంజ్‌లోని అప్పటి ఆసుపత్రిని దెబ్బతీసింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ తరువాత ఏడవ నిజాం కాలంలో కట్టిన గుమ్మటాల భవనమే మనమెరిగిన ఉస్మానియా. నాలుగు తరాల పేదవారు అక్కడే వైద్యం పొందారు, అక్కడే కన్నుమూశారు. 2015లో దానిని కూల్చాలన్న ప్రతిపాదన వచ్చి, వ్యతిరేకత వల్ల ఆగింది. కూల్చలేదు సరే, బాగుచేశారా? అదీ లేదు. 2020 జులైలో వాన కురిస్తే మురుగునీరు వార్డులలోకి వచ్చింది. మంచాల కింద నీళ్ళు, మంచాల మీద రోగులు. ఆ నెలలోనే పాత భవనాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు.

చివరకు కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్ పోలీసు మైదానంలో శంకుస్థాపన జరిగింది. 26 ఎకరాలు, 2,000 పడకలు. చుట్టుపక్కలవారు కొందరు అభ్యంతరం చెప్పారు, ఇరుకైన ఆ పేటలకు మిగిలిన ఖాళీ నేల అదేనని.

ఇక్కడ మనమేమనాలి? ఆసుపత్రి వద్దనడానికి క్రైస్తవునికి నోరు రాదు. రోగి ముందు, ఆట తరువాత. ఆ వరుస సరైనదే. పాత భవనాన్ని ఎంత బాగుచేసినా నేటి రోగుల సంఖ్యకు చాలదనే మాటలోనూ నిజముంది. కానీ రోగిని, ఆడుకునే పిల్లవాడిని ఒకరికొకరు పోటీగా నిలబెట్టినదెవరు? ఏటేటా కాలువ తీయించనివారు, కప్పు కారుతున్నదని రాసిన కాగితాన్ని బల్లమీద పక్కకు జరిపినవారు. బలిపూజ ఆరంభంలో మన పాపాలు ఒప్పుకునేటప్పుడు, చేయవలసినది చేయకపోవడాన్ని కూడా పాపాలలో చేర్చి చెబుతాం. మరమ్మతు విషయంలో పాపమంతా దాదాపు ఈ చివరి రకమే. కొత్త భవనానికి శిలాఫలకం ఉంటుంది, కాలువ శుభ్రం చేసినవానికి ఉండదు. (మన గుళ్ళ సంగతి కూడా ఇంతే. జూబిలీ వస్తే గ్రానైటు పరుస్తాం, దాతల పేర్లు చెక్కిస్తాం. గంటస్తంభం మీద మొలిచిన రావిమొక్కను పీకేవారుండరు.)

దివ్యగ్రంథంలో నెహెమ్యా చరిత్ర చదవండి. యెరూషలేము గోడ కట్టడానికి ప్రధానయాజకుడు మొదట లేచాడు. కంసాలులు, పరిమళద్రవ్యాలు చేసేవారు, ఒక అధికారి తన కూతుళ్ళతో సహా, ఎవరి ఇంటి ఎదుటి భాగం వారు బాగుచేశారు. తెకోవా పెద్దలు మాత్రం భుజం పట్టలేదని కూడా అక్కడే రాసి ఉంది. ఈ భాగాన్ని మన ప్రసంగాలలో తరచు వింటాం. ఐదవ అధ్యాయాన్ని అంతగా వినం. గోడ ఇంకా పూర్తికాలేదు, శత్రువులు చుట్టూ ఉన్నారు, అప్పుడు పేదలు వచ్చి మొరపెట్టారు: పొలాలు, ఇళ్ళు తాకట్టుపడ్డాయి, పిల్లలు దాస్యంలోకి పోతున్నారు అని. నెహెమ్యా గోడ అయ్యాక చూద్దామనలేదు. కోపపడి, పెద్దలను నిలదీసి, పొలాలూ ఇళ్ళూ తిరిగి ఇప్పించాడు. గోడ లేస్తున్నప్పుడు దాని నీడలో ఎవరు చితికిపోతున్నారో చూడడం కూడా ఆ పనిలో భాగమేనని ఆయన ఎరిగినవాడు.

బాగుపడిన యెరూషలేము ఎలా ఉంటుందో జెకర్యా ప్రవక్త ఎనిమిదవ అధ్యాయంలో చెప్పాడు. చేతికర్ర పట్టుకున్న ముసలివారు వీధులలో కూర్చుని ఉంటారు, అదే వీధులలో బాలబాలికలు ఆడుకుంటూ ఉంటారు. ముసలివారికి చోటివ్వడానికి పిల్లలను వెళ్ళగొట్టలేదు.

కనుక గోషామహల్‌లో ఆసుపత్రి లేస్తున్నప్పుడు పోయిన ఆటస్థలానికి బదులు ఆ పేటల పిల్లలకు ఏ చోటు చూపుతారని అడగడం తప్పు కాదు. అఫ్జల్‌గంజ్ పాత భవనాన్ని రేపు ఎవరికి తెరుస్తారని అడగడమూ తప్పు కాదు. టికెట్టు కొనగలిగినవారికేనా, లేక అక్కడ వైద్యం పొందినవారికి కూడానా?

ప్రభుత్వాన్ని అడిగేవారు తమ గేటు కూడా చూసుకోవాలి. పట్టణాలలో మన విచారణలకు, బడులకు విశాలమైన ఆవరణలున్నాయి. కొన్ని బస్తీలలో పిల్లలు పరుగెత్తగల నేల అంటూ ఉంటే అదొక్కటే. చాలాచోట్ల సాయంత్రం బడి వదలగానే గేటుకు తాళం పడుతుంది. గోడ దూకిన పిల్లవాణ్ణి కాపలాదారు తరుముతాడు. వారానికి రెండు సాయంత్రాలైనా ఆ తాళం తీయవచ్చా, కాపలాకు ఎవరు కూర్చుంటారు అన్నది రాబోయే విచారణ సభలో ఎవరైనా ఎత్తవలసిన మాట.