ముల్లర్ అనే ఇంటిపేరు



నరసరావుపేటలో బస్సెక్కి మాచర్ల వైపు వెళ్ళండి. పక్కన కూర్చున్న పెద్దాయన ముందు ఊరు అడుగుతాడు, తర్వాత ఇంటిపేరు. దానితోనూ తేలకపోతే "మీరేమిట్లు?" అని సూటిగానే అడుగుతాడు. కులం తెలిసిందాకా ఆయనకు మాట సాగదు.

జర్మనీలో అందరికంటె ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్. మాక్స్ ముల్లర్ పేరు బడిలో విన్నాం గదా, అదే. పిండిమర ఆడించేవాడని దాని అర్థం. ఆ పేరుగల మరి ముగ్గురిని చూడండి.

మంగుళూరులో ఫాదర్ ముల్లర్ ఆసుపత్రి ఉంది. యేసుసభ గురువు అగస్టస్ ముల్లర్ 1880లో చిన్న హోమియో మందుల శాలతో దానికి పునాది వేశారు. 1890లో కుష్ఠురోగులకు ఆశ్రయం కట్టించారు. చేర్చుకునేముందు వాళ్ళ ఇంటిపేర్లు అడిగి ఉంటారా?

రెండవవాడు హైన్రిఖ్ ముల్లర్. ఇతడూ కథోలిక కుటుంబంలోనే పుట్టాడు. 1939 నుండి హిట్లరు రహస్య పోలీసు దళం గెస్టపోకు అధిపతి. 1942 జనవరిలో యూదుల నిర్మూలనకు ఏర్పాట్లు చేసిన సమావేశంలో కూర్చున్నాడు. ఎవరి సంతానమో చూసి చావు రాసిన రాజ్యమది.

మూడవవారు ఎడ్వర్డ్ ముల్లర్. వడ్రంగం నేర్చి, తర్వాత గురువై, ల్యూబెక్ పట్టణంలో సేవచేశారు. ఆ ప్రభుత్వపు హత్యలను ఖండించిన బిషప్ ఫాన్ గాలెన్ ప్రసంగాలను పంచిపెట్టిన నేరానికి 1943 నవంబరు 10న హాంబర్గు చెరసాలలో తల తీశారు. అదే రోజు, నిమిషాల తేడాలో, మరి ఇద్దరు కథోలిక గురువులను, ఒక లూథరన్ పాస్టరును కూడా. ముగ్గురు గురువులను 2011లో ధన్యులుగా ప్రకటించారు. జర్మనీలో పుట్టిన హేయర్ దొర 1849లో గురజాల చేరిన నాటినుండి లూథరన్లు మన ఇరుగుపొరుగే. క్రిస్మస్ నాడైనా ఒకరి గడప ఒకరు తొక్కుతున్నామా?

నజరేతువాళ్ళు కూడా వడ్రంగి కొడుకే గదా అని యేసును తీసిపారేశారు (మత్తయి 13:55).

జ్ఞానస్నానంలో గురువు మొదట అడిగేది బిడ్డకు పెట్టే పేరు. అదే బిడ్డ పెరిగి, పెండ్లి ప్రకటన గుడిలో చదివేటప్పుడు మనం చెవులు రిక్కించేది ఇంటిపేరు కోసం. రెండు ఇంటిపేర్లూ ఒక కులానివి కాకపోతే పూజ ముగిశాక గుడి వాకిట్లో ఏమి మాట్లాడుకుంటామో మీకు తెలుసు. ఆ పిల్లా పిల్లవాడూ కాసేపటి క్రితం మన వరుసలోనే నిలబడి దివ్యసత్ప్రసాదం పుచ్చుకున్నారు. ఈసారి అలాంటి ప్రకటన వినబడితే, వాకిట్లోకి రాగానే ముందు వాళ్ళ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి పలకరించండి.