హృదయ పరిశోధన

ధ్యానమునకు: 139వ కీర్తన



తన్ను పరిశోధించి తన హృదయమును తెలిసికొనుమని దావీదు దేవుని వేడుకొనెను. అదే మనము వైద్యుని యెదుట చేయవలసి వచ్చినప్పుడు ఏల వెనుదీయుదుము?

మా సంఘములోని ఒక అవ్వకు నడిచినప్పుడెల్ల రొమ్ము పట్టివేయుచుండెను. గుండెకు, రొమ్ముకు మందు ఎక్కించి సి.టి. స్కాను తీయవలెనని డాక్టరు చెప్పెను. "నాకు ప్రార్థన చాలు బిడ్డా" అని ఆమె భయపడెను. ప్రార్థించిన హిజ్కియా పుండుకు సహితము అంజూరపు ముద్ద కట్టబడెను గదా. జడ్చర్లలో మెన్నొనైట్ మిషనువారును, నల్లగొండలో బాప్టిస్టు మిషనువారును వాక్యముతోపాటు వైద్యమును మన యొద్దకు తెచ్చిరి. ఈ మాటలు చెప్పి మేము ఆమె వెంట వెళ్లితిమి.

పరీక్షకు ముందు ప్రశ్నలు అడుగుదురు. మునుపు ఏ మందైనను పడలేదా? ఉబ్బసము, మూత్రపిండముల జబ్బు, షుగరు ఉన్నవా? స్త్రీలను గర్భమును గూర్చి అడుగుదురు. అవ్వ తన షుగరు మాత్రల సంగతి దాచబోయెను. "చెప్పితే వాపసు పంపుతరేమో" అని మెల్లగా అనెను. "దేవునికి దాచలేనిది డాక్టరుకు ఎందుకు దాచుదువు అవ్వా?" అంటిమి. ఆమె చెప్పెను. ఎవరును కోపపడలేదు. రక్తపరీక్షలో మూత్రపిండముల బలము చూచి, ఏ మాత్ర ఎప్పుడు ఆపవలెనో తెలిపిరి.

ఆ యంత్రము గుహ కాదు, వెడల్పైన ఉంగరము వంటిది. బల్లమీద వెల్లకిల పరుండబెట్టి, చేతులు తలపైకి ఎత్తించి, రొమ్ముమీద ఇ.సి.జి. తీగెలు అంటింతురు. గుండె వేగము తగ్గుటకు మాత్ర ఇయ్యవచ్చును. అందుకే ఆ దినమున టీ, కాఫీ త్రాగవద్దందురు. చేతి నరమునకు ఎక్కించు మందులో అయోడిన్ ఉండును. అది రక్తములో కలిసి నాళములను చిత్రములో తెల్లగా చూపును. అప్పుడు ఒళ్లంతయు వేడెక్కును, నోట లోహపు రుచి తగులును, మూత్రము పోయినట్లు తోచును. భయపడకుడి, కొంచెము సేపటికే తగ్గిపోవును. దురద గాని, వాపు గాని, ఊపిరాడకపోవుట గాని కలిగినయెడల వెంటనే చెప్పుడి. ఊపిరి బిగబట్టుమన్నప్పుడు కొన్ని క్షణములు కదలక యుండుడి. కదలినయెడల చిత్రము చెదరును. తరువాత కొంతసేపు అక్కడనే కూర్చుండబెట్టుదురు. డాక్టరు వద్దనిననే తప్ప నీళ్లు బాగుగా త్రాగుడి.

అవ్వ బయటికి వచ్చి, "గింతేనా బిడ్డా!" అని నవ్వెను. ఆమె గుండె నాళమొకటి సన్నగిలినదని చిత్రములో కనబడెను. నేడు ఆమె మందులు వాడుచు ఆదివారము ఆరాధనకు నడిచి వచ్చుచున్నది.

ప్రియులారా, యంత్రము నాళమును చూచునుగాని పగను, అసూయను చూడలేదు. వాటిని చూచువాడు ప్రభువే. వైద్యుని యెదుట దేహమును గూర్చి దాచకుందము. ప్రభువు యెదుట ఆత్మను గూర్చి దాచకుందము. దాచిన రోగమునకు మందు లేదు, ఒప్పుకొనిన పాపమునకు క్షమాపణ కలదు. ఆమేన్.