యుద్ధకాలంలో ఎవరి ఆకలి ముందు?

యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వం సమర్థంగా పనిచేసిందా లేదా అన్నది దేనితో కొలవాలి? గెలిచిన పోరాటాలతోనా? పేదవాని పొయ్యి వెలిగిందా లేదా అన్నదానితోనా? జవాబు వెతకడానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. 1943 నాటి బెంగాలు కరువు చాలు.

1942 మార్చిలో జపాను సైన్యం రంగూనును పట్టుకుంది. బర్మా బియ్యం ఆగిపోయింది. శత్రువు బెంగాలు తీరాన దిగితే అతనికేమీ దక్కకూడదని ప్రభుత్వం తీర జిల్లాల్లోని మిగులు ధాన్యాన్ని తరలించింది. పదిమందికి మించి ఎక్కగల పడవలను వేల సంఖ్యలో స్వాధీనం చేసుకుంది. పడవ మీదే బతికే జాలరికి కూడు పోయింది. అక్టోబరులో మిద్నాపూరును తుపాను ముంచెత్తింది. ఆ డిసెంబరు నుండి మరుసటి ఆగస్టు లోపల కలకత్తాలో బియ్యం ధర రెండున్నర రెట్లు దాటింది.

ప్రభుత్వానికి చేతకాలేదని అనలేం. వేల పడవలను లెక్కపెట్టి పట్టుకోగలిగింది. కలకత్తాలో యుద్ధ పరిశ్రమల కార్మికులకు చౌకగా బియ్యం అందేటట్లు చూడగలిగింది. పల్లెలోని కూలివాడు మాత్రం ఎవరి లెక్కలోనూ లేడు. లోటేమీ లేదని బెంగాలు మంత్రులు ప్రజలకు చెబుతూ వచ్చారు. ఇతర రాష్ట్రాలు తమ ధాన్యం తమకేనని సరిహద్దులు బిగించాయి. ఢిల్లీ, కలకత్తా భారాన్ని ఒకరి మీదికొకరు నెట్టుకున్నాయి. కరువును నియమం ప్రకారం ప్రకటించనే లేదు. 1943 అక్టోబరులో కొత్త వైస్రాయి వేవెల్ సైన్యాన్ని పంపిణీకి దింపాక గాని పల్లెలకు ధాన్యం సరిగా కదలలేదు. అప్పటికే ఆలస్యమైంది. ప్రభుత్వ విచారణ సంఘమే 15 లక్షల మంది మరణించారన్నది. 30 లక్షల దాకా ఉంటారని తరువాతి పరిశోధకుల అంచనా.

బొంబాయి కూడా బయటి ధాన్యం మీద బతికే నగరమే. అదే యుద్ధం, అదే సామ్రాజ్యం. అక్కడ రేషన్ 1943 మేలోనే మొదలైంది. కలకత్తాలో 1944 జనవరిలో.

సైనికుడు తినకుండా దేశాన్ని ఎలా కాపాడతాడని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సైనికుడు తినాలి, కర్మాగారం నడవాలి. కాని దేశమంటే ఎవరు? కాపాడవలసిన ప్రజలే దారి పక్కన రాలిపోతుంటే ఆ రక్షణ ఎవరికోసం?

11వ భక్తినాథ పాపుగారు 1931లో వ్రాసిన విశ్వలేఖలో ఒక సూత్రం చెప్పారు. చిన్న సమాజం చేసుకోగల పనిని పెద్ద అధికారం లాక్కోకూడదు. చిన్నదానికి శక్తి చాలనప్పుడు పెద్దది ఆదుకోవాలి. మొదటి సగం మాత్రమే పట్టుకుంటే అది బాధ్యత తప్పించుకొనే సాకవుతుంది. బెంగాలులో జరిగిందదే.

ఆదికాండంలో యోసేపును చూడండి. ఐగుప్తు దేశమంతటికీ అతడే అధికారి. అయినా ఏ పట్టణం చుట్టూ పండిన పంటను ఆ పట్టణంలోనే నిల్వ చేయించాడు. ఆలోచన దేశానిది, కొట్టు ఊరిది. కరువు వచ్చినప్పుడు ఆ కొట్లు తెరిచాడు.

మనకు యుద్ధం రాకపోవచ్చు. తుపాను, వరద వస్తూనే ఉంటాయి. రాజధానిలో తయారయ్యే జాబితాలో ఏ పేరు జారిపోయిందో రాజధానికి తెలియదు. ఊరికి తెలుసు, విచారణకు తెలుసు. వీధి చివరి వితంతువు, కార్డు లేని వలస కూలి, మంచం పట్టిన వృద్ధుడు ఎవరో మనకు తెలుసు. ఆ పేర్లు పంచాయతీకి చెప్పడం, వినకపోతే కలెక్టరుగారి దాకా వెళ్ళడం, అంతలోపు మన గిన్నెలోంచి పెట్టడం మన పని. తీర్పునాడు ఆకలిగొన్న తనకు అన్నం పెట్టామా అనే ప్రభువు చూస్తారు. అది ఏ కార్యాలయం బాధ్యత అని అడగరు.