కాఫీకి తగిన వయస్సు

ధర్మసందేహములన్నియు గొప్ప సభలలోనే పుట్టవు. కొన్ని వంటయింటి గడప యొద్దనే పుట్టును. తెల్లవారుజామున ఫిల్టరులో డికాక్షను దిగి, పాలు పొంగి, ఇల్లంతయు కాఫీ పరిమళముతో నిండియున్న వేళ, అయిదారేండ్ల పసివాడు కండ్లు నులుముకొనుచు వచ్చి "అమ్మా, నాకేదీ కాఫీ?" అని యడుగును. పాలగ్లాసు చేతికిచ్చినచో "ఇది కాదు, నాయన తాగేది" అని మారాము చేయును. పెద్దలు నవ్వుదురు. ఒకరు వద్దందురు, మరియొకరు సాసరులో రెండు గుక్కలు పోసి యిత్తురు. అంతటితో ఆ ప్రశ్న తీరినదని తలంతుము. కాని, అది తీరలేదని మా యభిప్రాయము. పిల్లలకు కాఫీ యెప్పుడీయవచ్చును, ఈయరాదనునప్పుడు వారికేమి కారణము చెప్పవలెను అను ఈ చిన్న ప్రశ్నలో, పెద్దరికమనగా నేమి అను పెద్ద ప్రశ్న యిమిడియున్నది.

మన పూర్వులు అన్నప్రాశనమునకు ఆరవ నెల యనియు, అక్షరాభ్యాసమునకు అయిదవ యేడనియు వేళలు నిర్ణయించిరి. కాఫీకి మాత్రము వారు వయస్సు నిర్ణయింపలేదు. వారి కాలమున అది లేదు గనుక. కుడతిని వాసులమైన మనకు ఈ సంగతి చక్కగా బోధపడవలెను. మన యూరి చెంతనున్న బూడిదదిబ్బ నవీన శిలాయుగము నాటిది. ఇట్టి దిబ్బలు రాక్షసుల చితాభస్మమని ఈ సీమలో పూర్వము కథలు చెప్పుకొనెడివారు. పాలమూరు సీమలోని ఉట్నూరున 1957లో ఆల్చిన్ అను పురాతత్త్వవేత్త త్రవ్వకములు జరిపి, అచటి దిబ్బ పశువుల దొడ్లలోని పేడ కాలగా నేర్పడిన బూడిద యని తేల్చెను. నాలుగు వేల యేండ్లకు పూర్వమే ఈ ప్రాంతమున పశుపోషకులు నివసించిరి. కాఫీ కథ యన్ననో, బాబాబుదన్ అను ఫకీరు పదునేడవ శతాబ్దమున అరబ్బు దేశమునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెననుటతో మొదలగును. పందొమ్మిదవ శతాబ్దమున తోటలు విస్తరించినవి. ఆ శతాబ్దాంతమునకు గాని అది దక్షిణదేశపు ఇండ్లలో నిత్యపానీయము కాజొచ్చలేదు. ఆవు ఈ నేలకు వేలయేండ్ల చుట్టము. కాఫీ నిన్న మొన్నటి అతిథి. అతిథిని ఎంతవరకు లోనికి రానీయవలెనో నిర్ణయించు బాధ్యత గృహస్థునిదే.

ఈ నిర్ణయము అన్ని దేశములలో నొక్క తీరున లేదు. బ్రెజిలు దేశమున పిల్లలకు ఉదయమున పాలలో కొంచెము కాఫీ కలిపి యిచ్చుట సామాన్యము. జర్మనీ దేశమున 1730ల దశకములో బాఖ్ అను సంగీతవిద్వాంసుడు కాఫీని గూర్చి యొక హాస్యగేయరూపకమునకు స్వరరచన చేసెను. అందు తండ్రి తన కూతురు కాఫీ మానవలెనని బెదిరించును. పెండ్లి చేయనన్న మీదట ఆమె మానెదనని యొప్పుకొనును. కాని, కాఫీ త్రాగుటకు అనుమతించు వరుడే కావలెనని గుట్టుగా చాటించును. ఇన్నూరేండ్లకు పైబడిన ఆ తండ్రి అవస్థ నేటి మన యిండ్లలోని తండ్రి యవస్థకు దూరము గాదు. బెదిరింపు నోటిని కట్టగలదు గాని కోరికను కట్టలేదు.

ముందుగా దేహధర్మమును విచారింతము. కాఫీలోని కెఫీన్ నాడీమండలమును మేల్కొలుపు ద్రవ్యము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమావళి ప్రకారము 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 మొదలు 120 మిల్లీగ్రాముల వరకును, ఇన్‌స్టంటు కాఫీలో 50 మొదలు 65 వరకును, టీలో 30 మొదలు 65 వరకును కెఫీన్ ఉండును. పిల్లలు, కౌమారవయస్కుల విషయమున దేహపు బరువు కిలో యొక్కింటికి దినమునకు 3 మిల్లీగ్రాముల వరకు భయము లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో అభిప్రాయపడినది. ఈ లెక్కన ఇరువది కిలోల బాలునికి 60 మిల్లీగ్రాములు హద్దు. చిక్కని ఫిల్టరు కాఫీ ఒక గ్లాసు నిండుగా త్రాగినచో వాడు ఆ హద్దును దాటిపోవును. నలుబది కిలోల బాలికకు 120 మిల్లీగ్రాములు హద్దగును. మన దేశపు శిశువైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లో ఇంకను స్పష్టముగా చెప్పినది: అయిదేండ్ల లోపు పిల్లలకు టీ, కాఫీలు అసలు వలదు, అయిదు మొదలు తొమ్మిదేండ్ల వరకు దినమునకు అరకప్పు, పది మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఒక కప్పు, అదియు కెఫీన్ గల యితర పానీయములు త్రాగనప్పుడే. కావున కాఫీ విషము గాదు, అమృతమును గాదు. దానికొక హద్దున్నది, ఆ హద్దు బిడ్డ పెరిగిన కొలది పెరుగును.

ఇంతవరకు వైద్యుని మాట. ఇక ఇంటి పెద్దల మాట. చిన్నపిల్లలు కాఫీ యడిగినప్పుడు మనవారు తరతరములుగా చెప్పుచున్న సమాధానమొకటి కలదు: "తాగితే నల్లగయితావు." ఈ మాటలో మూడు దోషములున్నవని మా తలంపు. మొదటిది, అది నిజము గాదు. రెండవది, నలుపు కీడని పసిమనస్సులో నాటుచున్నది. నల్లనయ్యను నిత్యము పూజించు ఇండ్లలో ఈ పాఠమేల? మూడవది, దినమునకు మూడు మార్లు కాఫీ త్రాగు తల్లి నల్లబడలేదని బిడ్డ కొన్నాళ్ళకే గ్రహించును. అప్పుడు పోవునది కాఫీ భయము మాత్రమే కాదు, పెద్దల మాటపై నమ్మకము. "పొట్టివాడవగుదువు" అనునది ఇట్టిదే మరియొక బెదిరింపు. కాఫీ వలన ఎదుగుదల ఆగునని నిరూపణ లేదు. 1895లో అమెరికాలో పోస్టు అను వ్యాపారి ధాన్యముతో చేసిన తన పానీయమును అమ్ముకొనుటకై కాఫీని నిందించు ప్రకటనలు విరివిగా వేయించి ఇట్టి భయములకు బలము చేకూర్చెను. బూడిదదిబ్బ విషయమున రాక్షసుల కథతో తృప్తిపడియుండినచో మన పూర్వచరిత్ర మనకు తెలిసెడిది కాదు. బిడ్డకు కూడ కథ గాక కారణమే చెప్పవలెను. "ఇది నిద్ర చెరచును, నీవు నిద్రలో పెరుగుచున్నావు, నీ బరువునకు ఇది యెక్కువ" అని చెప్పినచో ఆరేండ్ల బిడ్డయు అర్థము చేసికొనగలడు. ఒప్పుకొనకపోవచ్చును, కాని, మోసపోడు.

"మేము త్రాగుచు వారిని వలదనుట న్యాయమా?" అని కొందరు సత్పురుషులు సందేహింతురు. న్యాయమే, కారణము సత్యమైనచో. కుడతిని థర్మల్ విద్యుత్కేంద్రములో రాత్రి షిఫ్టు చేయువారు అర్ధరాత్రి కాఫీ త్రాగుటకు కారణమున్నది. వారు మేల్కొనియుండుట వారి కర్తవ్యము. బిడ్డ కర్తవ్యము నిద్రించుట. ఇద్దరికిని ఒకే నియమముండుట సమత్వము గాదు. కాని, ఇచట మనలను మనమే పరీక్షించుకొనవలసిన ఘట్టమొకటి వచ్చును. పదునాలుగేండ్ల వరకు కాఫీ ముట్టరాదన్న తల్లిదండ్రులే, బిడ్డ పదవ తరగతి పరీక్షల కాలమున రాత్రి పదిగంటలకు తామే కాచి తెచ్చి పుస్తకము ప్రక్కన పెట్టుదురు. నిన్నటి వరకు నిద్ర విలువైనది. నేడు మార్కులు విలువైనవి. కెఫీన్ సగము తగ్గుటకు పెద్దలలో సుమారు అయిదు గంటలు పట్టును. అనగా రాత్రి పదింటికి త్రాగిన దానిలో సగము తెల్లవారుజాము మూడింటికి కూడ నెత్తురులో నుండును. చదివినది మనస్సున నిలుచుటకు నిద్రయే ఆధారము. కావున ఆ గ్లాసు వలన లాభము స్వల్పము. అంతకు మించిన నష్టమేమనగా, మన నియమము వాని మేలుకొరకు గాదనియు, మన సౌకర్యమునుబట్టి మారుననియు బిడ్డ తెలిసికొనును. పదునైదేండ్లవానికి కాఫీ యీయవచ్చును. పగటివేళ, మితముగా, వాడు పెరిగినాడని యీయవలెను. వానిచేత మరికొంత పని రాబట్టుటకు ఈయరాదు.

ఆడపిల్లల విషయమున మరియొక చిత్రమున్నది. పదేండ్లు నిండీ నిండకముందే చుట్టములు వచ్చినప్పుడు కాఫీ కలుపు పని ఆమెకు అబ్బును. డికాక్షను చిక్కదనము, చక్కెర పాళ్ళు ఆమె కెరుకయే. కాని, ఆ గ్లాసులలో నొకటి తనదని యనుకొనుటకు ఆమెకు వీలుండదు. ఆమె సోదరుడు మీసము మొలవక మునుపే పెద్దల సరసన కూర్చుండి త్రాగును. వయస్సు కారణమైనచో ఇద్దరికిని ఒకటే కావలెను. వంచుటకు తగిన వయస్సు వచ్చినదన్నచో, కూర్చుండుటకును వచ్చినట్లే.

పేదయిండ్లలో ప్రశ్న వేరుగా నుండును. అచట పాలకు బదులుగా పలుచని టీ నీళ్ళో కాఫీ నీళ్ళో ఇచ్చి బిడ్డ ఆకలిని మరపింతురు. భోజనముతోడనే త్రాగిన టీ, కాఫీలు ఆహారములోని ఇనుము ఒంటబట్టకుండ చేయును. భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట తరువాతను త్రాగరాదని పైని చెప్పిన పోషకాహార సంస్థయే హెచ్చరించినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో 67.1 శాతము మందికి రక్తహీనత కలదని తేలినది. ఇట్టి దేశమున కాఫీ ముచ్చట ముచ్చట మాత్రమే కాదు. మరియు, కాఫీ త్రాగు బిడ్డను గూర్చి యింత విచారించు మనము, కాఫీ మోయు బిడ్డను మరువరాదు. హోటళ్ళలో పదునాలుగేండ్ల లోపు పిల్లలచేత పని చేయించుట 2006 అక్టోబరు 10 నుండి నిషిద్ధము. ఎచటనైనను అట్టి పసిచేతులు మన ముందు గ్లాసు పెట్టినచో, "ఈ బిడ్డ బడిలో నుండవలదా?" అని యడుగుట మన పెద్దరికమునకు కనీసధర్మము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆరేండ్ల బిడ్డ కాఫీ యేల యడుగును? దాని చేదును కోరి యడుగడు. నాయన, జేజి, మేనమామ చుట్టు కూర్చుండి మాటలాడుకొనుచున్న ఆ వలయములో తనకు చోటు కావలెనని యడుగును. గ్లాసు ఆ చోటునకు గుర్తు. మనము గ్లాసు నిరాకరించునప్పుడు తరచుగా చోటును కూడ నిరాకరింతుము: "పెద్దోళ్ళు మాట్లాడుకుంటుంటే నీకేం పని, పో, చదువుకో." ఇచటనే మన పొరపాటున్నది. కాఫీకి వయస్సుండవచ్చును. కాఫీ వేళ కూర్చుండుటకు వయస్సు లేదు.

మనవంటి కుటుంబములకు ఈ మాట మరింత వర్తించును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోగా, బళ్ళారి తాలూకాతో సహా ఈ సీమ మైసూరున చేరినది. నాటినుండి మనము కన్నడ సోదరుల నడుమ వారి భాషను మన భాషగానే ప్రేమించుచు బ్రతుకుచున్నాము. మన పిల్లలు బడిలో కన్నడమో, ఇంగ్లీషో చదువుదురు. వీధిలో ఏ భాషయైనను పలుకుదురు. తెలుగు వారికి బడి యీయజాలదు, ఇల్లే యీయవలెను. ఇంటిలో తెలుగు సమృద్ధిగా ప్రవహించు వేళ యేది? ఉగ్గాని, బజ్జీలు, కాఫీ ముందు పెట్టుకొని పెద్దలు కూడిన వేళయే. ఎవరి పొలము, ఎవరి పెండ్లి, ఏ తాత చమత్కారము, ఏ అవ్వ సామెత, అన్నియు అచటనే దొర్లును. బళ్ళారి రాఘవ (1880–1946) నాటకరచయితయైన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి మేనల్లుడు. ఇంటి పెద్దల సాంగత్యమెంత ఫలింపగలదో తెలుపుటకు ఈ మేనమామ, మేనల్లుళ్ళు చాలుదురు. ఆ వలయమునుండి తరిమివేయబడిన బిడ్డ పదునెనిమిదేండ్లకు కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చుండునేమో గాని, అప్పటికి మన మాటలు అతనికి సగమే అర్థమగును.

కావున మేము మనవి చేయునది యిది. చిన్నబిడ్డకు పాలో, మజ్జిగయో, రాగి అంబలియో పోసి పెద్దల నడుమ కూర్చుండబెట్టుడు. కాఫీ యేల యీయలేదో నిజము చెప్పుడు. తొమ్మిది, పదేండ్లవానికి పాలలో కొంచెము డికాక్షను కలిపి యిచ్చినను దోషము లేదు. కౌమారము వచ్చిన పిమ్మట ఆడపిల్లకును మగపిల్లవానికిని సమముగా, పగటివేళ, ఒక్క గ్లాసు ఈయుడు. ఆనాడు వారి యభిప్రాయము కూడ అడుగుడు. పెద్దరికము గ్లాసులో లేదు. తాను చెప్పిన కారణమునకు తాను కట్టుబడుటలోను, పిన్నవారికి తన ప్రక్కన చోటిచ్చుటలోను ఉన్నది. ఆ రెండును మనము చేసినచో, కాఫీ యే వయస్సున మొదలైనను మన బిడ్డలకు కీడు కలుగదు.