దేన్ని చెత్త అనాలి?

మన రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు అంటే పట్టా లేని, శిస్తు రాని భూమి. చెరువుగట్టు, వాగు, శ్మశానం అన్నీ అందులోవే. ఊరికి ఆధారం అవే అయినా ఆ మాట చివరికి తిట్టుగా స్థిరపడింది. రాబడి లేని నేల పనికిరానిదని తీర్మానించే అలవాటు మన ఒక్కరిదే కాదు.

న్యూయార్కు నగరంలో, స్టాటెన్ ద్వీపంమీద ఫ్రెష్ కిల్స్ అనే చోటు ఉంది. (కిల్ అంటే డచ్చివారి మాటలో కాలువ. పేరు విని హడలిపోనక్కరలేదు.) ఒకప్పుడది ఆటుపోట్లకు మునిగి తేలే చిత్తడినేల. 1948లో అక్కడ చెత్త పొయ్యడం మొదలుపెట్టినప్పుడు నగరంవారు చెప్పిన కారణం గమనించదగ్గది: పనికిరాని బురదను పూడ్చి పనికొచ్చే నేల చేస్తామన్నారు. మూడేళ్ళ పని అన్నారు. ముగిసింది 2001 మార్చిలో! ఆ 2,200 ఎకరాల చోటులో అప్పటికి చెత్త గుట్టలై లేచింది. ఇప్పుడు వాటిమీద ప్లాస్టిక్ పొర పరిచి, మట్టి కప్పి, గడ్డి పెంచి ఉద్యానవనం చేస్తున్నారు. 2023 అక్టోబరులో 21 ఎకరాలు జనానికి తెరిచారు. దీన్నీ నేలను బాగుచెయ్యడమే అంటున్నారు. చెడగొట్టిననాడూ అదే మాట, కుదురుస్తున్ననాడూ అదే మాట.

మెచ్చుకోవలసింది లేకపోలేదు. కుళ్ళే చెత్తలోంచి వచ్చే మీథేను వాయువును గొట్టాలతో పట్టి, శుద్ధిచేసి ఇళ్ళకు అందించారు. పెరటి పెంటకుప్పను వేసవిలో బండికెత్తి పొలానికి తోలిన మన తాతలకు ఇది వింతగా తోచదు. కాని వైద్యులం గనక, మా కంటికి ఆ గుట్టలు కట్టు కట్టిన పుండులాగే కనిపిస్తాయి. అడుగున ఊరే మురుగును పట్టి శుద్ధిచేస్తూనే ఉండాలి. ఆ ట్యూబు తీసెయ్యగల రోజు దగ్గరలో లేదు.

అసలు చిక్కు 2001 సెప్టెంబరు 11 తరవాత వచ్చింది. కూలిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ శిథిలాలను అక్కడికే తరలించి, మనుషుల ఆనవాళ్ళకోసం సుమారు పది నెలలు జల్లెడ పట్టారు. మిగిలిన సన్నటి మట్టి అక్కడే ఉండిపోయింది. దాన్ని చెత్తదిబ్బనుంచి తీసి వేరేచోట పూడ్చిపెట్టమని కొన్ని కుటుంబాలు కోర్టుకెక్కి ఓడిపోయాయి. 2010లో సుప్రీంకోర్టు కూడా వినడానికి నిరాకరించింది. చట్టం సంగతి న్యాయమూర్తులకు వదిలేద్దాం. చితి చల్లారాక పాలు చిలకరించి, అస్థికలను కుండకెత్తి గోదావరిదాకా మోసుకుపోయేవాళ్ళం మనం. ఆ మట్టిలో ఏమున్నదో ఏ ప్రయోగశాలా తేల్చలేకపోవచ్చు. దాన్ని చెత్త అనడానికి మాకైతే నోరు రాదు.