రచ్చ ఎవరిది?

2017 అక్టోబర్ 27న కోల్‌కతా నగరంలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఫిఫా, పాలక మండలి సమావేశమైంది. పదిహేడేళ్ల లోపు బాలుర ప్రపంచ కప్పు తుది ఆట ఆ మరునాడు ఆ నగరంలోనే జరగవలసి ఉన్నది. నాటి సమావేశంలో ఆమోదం పొందిన నిర్ణయాలలో ఒకటి గతానికి సంబంధించినది. 1960 నుంచి 2004 వరకు ఐరోపా విజేత క్లబ్బుకూ దక్షిణ అమెరికా విజేత క్లబ్బుకూ నడుమ ఖండాంతర కప్పు పేరుతో జరిగిన పోటీలలో నెగ్గిన జట్లన్నిటినీ ప్రపంచ విజేతలుగా గుర్తించాలన్నది దాని సారాంశం. నాలుగు దశాబ్దాలకు పైబడిన చరిత్రకు ఒక్క పూటలో కొత్త బిరుదు లభించింది.

పైకి ఇది రికార్డుల పుస్తకానికి సంబంధించిన చిన్న సవరణగా కనిపించవచ్చు. కాని దాని వెనుక ఒక నైతిక ప్రశ్న ఉన్నది. ఒకరిని ప్రపంచ విజేత అనడానికి ఏమి కావాలి? తన ఎదుట నిలిచినవారిని ఓడిస్తే చాలునా? లేక తనను ఓడించే అవకాశాన్ని ప్రపంచానికి ఇచ్చి ఉండటం కూడా అవసరమా? మైదానంలో లేని అర్హతను కాగితం ఇవ్వగలదా? మైదానంలోనే ఉన్న పక్షంలో కాగితం అదనంగా ఇచ్చినదేమిటి?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఆ సామెతను సాధారణంగా ఇంటి గెలుపు ప్రాధాన్యాన్ని చెప్పడానికి వాడుతాము. రచ్చ అనే మాట మీద మన దృష్టి అంతగా నిలవదు. రచ్చ అంటే ఊరివారంతా కూడే చోటు. అక్కడికి ఎవరైనా రావచ్చు, ఎవరైనా ప్రశ్నించవచ్చు. అందుకే అక్కడి గెలుపుకు విలువ. రెండు పెద్ద ఇళ్లవారు మాత్రమే కూర్చుని, తమలో ఒకరిని ఊరికి పెద్దగా ప్రకటించుకుంటే అది రచ్చ కాదు, రెండిళ్ల ఒడంబడిక. ఖండాంతర కప్పు చరిత్రను ఈ కోణం నుంచి పరిశీలిస్తే ఆటకు మించిన కొన్ని విషయాలు బోధపడుతాయి.

1960లో ఈ పోటీ ప్రారంభమైనప్పుడు ఐరోపా నుంచి స్పెయిన్ దేశపు రియల్ మాడ్రిడ్, దక్షిణ అమెరికా నుంచి ఉరుగ్వే దేశపు పెన్యరోల్ తలపడ్డాయి. మాంటెవీడియోలో ఇరువైపులా గోల్ లేకుండా ఆట ముగిసింది. మాడ్రిడ్‌లో ఆతిథ్య జట్టు 5-1తో నెగ్గింది. మిగిలిన ఖండాలను పిలవకపోవడాన్ని ఆనాటికి తప్పు పట్టలేము. ఆఫ్రికా క్లబ్బుల ఖండ స్థాయి పోటీ 1964లో గాని మొదలు కాలేదు. ఆసియా పోటీ 1967లో ఆరంభమైంది. ఇంట గెలిచినవారెవరో తేలని చోటినుంచి రచ్చకు ఎవరిని పిలవగలరు? అయితే ఆ విజేతలు తయారైన తరువాత కూడా మూడు దశాబ్దాలకు పైగా తలుపు తెరుచుకోలేదన్నది గమనించవలసిన విషయం. మొదట అవకాశం లేక జరిగినది క్రమంగా అలవాటై, అలవాటు కాస్తా హక్కుగా మారింది. అన్యాయాలు చాలావరకు ఇలాగే పుడతాయి. వాటికి దురుద్దేశం అక్కరలేదు, ఎవరూ తిరిగి ఆలోచించకపోవడమే చాలు.

ఆ రెండిళ్ల నడుమ పోటీ అయినా సవ్యంగా సాగిందా? 1962లో బ్రెజిల్ క్లబ్బు శాంటోస్ లిస్బన్ నగరానికి వెళ్లి, బెన్ఫికా జట్టును దాని సొంత మైదానంలో 5-2తో ఓడించింది. వాటిలో మూడు గోల్స్ పీలేవి. పరాయి ఊరిలో పరాయి ప్రేక్షకుల ఎదుట సాధించిన అటువంటి గెలుపును ఎవరూ శంకించలేరు. కాని అయిదేళ్లలోనే పరిస్థితి తారుమారైంది. 1967లో స్కాట్లండు క్లబ్బు సెల్టిక్, అర్జెంటీనా క్లబ్బు రేసింగ్ తలపడినప్పుడు, రెండవ ఆట మొదలు కాకముందే గ్యాలరీ నుంచి విసిరిన వస్తువు తగిలి సెల్టిక్ గోల్‌కీపర్ గాయపడ్డాడు. మాంటెవీడియోలో జరిగిన మూడవ ఆటలో రిఫరీ ఇరుజట్లలో కలిపి ఆరుగురిని బయటకు పంపవలసి వచ్చింది. వారిలో నలుగురు సెల్టిక్ వారే. ఓడి ఇంటికి చేరిన ఆటగాళ్లకు వారి క్లబ్బే జరిమానా విధించింది. తమకు అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి తగినంత ఆధారం చేతిలో ఉండి కూడా, ముందుగా తమ తప్పును లెక్క చూసుకున్న ఆ యాజమాన్యం వైఖరి ప్రశంసనీయం.

1969లో బ్వేనస్ ఐరిస్‌లో జరిగినది మరింత విషాదకరం. ఇటలీ క్లబ్బు మిలాన్ తరఫున ఆడిన నెస్టర్ కొంబిన్ అర్జెంటీనాలో పుట్టినవాడు. ఎస్తుదియాంతెస్ ఆటగాళ్ల దెబ్బలకు అతని ముఖం రక్తసిక్తమైంది. అది చాలదన్నట్లు, సైనిక సేవ ఎగవేశాడన్న ఆరోపణపై పోలీసులు అతనిని నిర్బంధించి తరువాత విడుదల చేశారు. ఆ దౌర్జన్యానికి బాధ్యులైన ముగ్గురు ఎస్తుదియాంతెస్ ఆటగాళ్లను అర్జెంటీనా ప్రభుత్వమే జైలుకు పంపింది. మరుసటి ఏడాది రాటర్‌డాంలో ఫెయెనూర్డ్ జట్టుకు గెలుపు గోల్ సాధించిన ఆటగాడి కళ్లజోడును ప్రత్యర్థులు లాక్కుని విరగ్గొట్టారు.

ఏ ధర చెల్లించి అయినా గెలవాలన్న వాదాన్ని మనం క్రీడలలోనే కాదు, రాజకీయాలలోనూ వ్యాపారంలోనూ తరచు వింటున్నాము. ఆ వాదంలోని లోపం ఈ ఉదంతాలలో స్పష్టమవుతుంది. గెలుపుకు విలువనిచ్చేది ప్రత్యర్థి. అతడు తన పూర్తి శక్తితో, ఏ భయమూ లేకుండా ఎదుట నిలిచినప్పుడే అతని మీద సాధించినది గెలుపు అవుతుంది. ప్రత్యర్థి కాలు విరిచి గెలిచినవాడు కాలు విరిగిన మనిషినే గెలిచాడు. తాను కోరుకున్న ప్రత్యర్థి అప్పటికే అక్కడ లేడు.

హింసకు సహజమైన ప్రతిస్పందన నిరాకరణ. నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్ 1971లో ఆడటానికి అంగీకరించలేదు. బయెర్న్ మ్యూనిక్, లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కూడా వేర్వేరు సంవత్సరాలలో తప్పుకున్నాయి. 1975, 1978 సంవత్సరాలలో పోటీయే జరగలేదు. ఆటగాళ్ల శరీరాలకు రక్షణ లేని చోటికి వెళ్లబోమనడం పిరికితనం కాదు, ఒక్కొక్కప్పుడు అదే కర్తవ్యం. అయితే నిరాకరణలన్నీ ఒక్క కోవకు చెందవు. తీరిక లేదన్న నిరాకరణ వేరు, ప్రమాదమున్నదన్న నిరాకరణ వేరు. మొదటిదానిలో, తాము ఎలాగూ శ్రేష్ఠులమే, నిరూపించుకోవలసిన అవసరమేమిటన్న ధీమా దాగి ఉండవచ్చు.

1974 నాటి పోటీ ఈ సంక్లిష్టతకు పరాకాష్ఠ. ఆ ఏటి ఐరోపా విజేత బయెర్న్ మ్యూనిక్ ఆటల ఒత్తిడి కారణంగా చూపి తప్పుకోగా, తుది ఆటలో దాని చేతిలో ఓడిన అట్లెటికో మాడ్రిడ్ ఆ స్థానంలో బరిలోకి దిగింది. 1975లో జరిగిన ఆటలలో అర్జెంటీనా క్లబ్బు ఇండిపెండియెంటే చేతిలో మొదట 1-0తో ఓడి, మాడ్రిడ్‌లో 2-0తో నెగ్గి కప్పు గెలుచుకున్నది. ఐరోపా విజేత కప్పును ఆ క్లబ్బు 2025 వరకు ఒక్కసారి కూడా గెలవలేదు. కాని కోల్‌కతా నిర్ణయం ప్రకారం అది ప్రపంచ విజేత. ఇంట గెలవకుండానే రచ్చ గెలిచిన జట్టు!

ఈ బిరుదు న్యాయమైనదేనా? నవ్వి ఊరుకోవడం సులభం. కాని ఆలోచించగా, అట్లెటికో పక్షానే ఎక్కువ న్యాయం ఉన్నదని నాకు తోస్తుంది. శ్రేష్ఠత ఇంట్లో దాచుకునే ఆస్తి కాదు, అడిగినప్పుడల్లా చూపవలసిన లెక్క. పిలుపు వచ్చినప్పుడు వెళ్లినవాడు ఓటమికి సిద్ధపడి వెళ్లాడు. వెళ్లనివాడు తన పేరును భద్రంగా ఉంచుకున్నాడు గాని దానికి కొత్తగా ఏమీ చేర్చలేదు.

1980 నాటి పోటీ నుంచి వేదిక టోక్యోకు మారింది. ఇరుపక్షాలకూ పరాయిదైన నేల మీద ఒకే ఒక ఆట. దానితో పాత దౌర్జన్యం సద్దుమణిగింది. మనుషుల స్వభావం మారే వరకు వేచి ఉండకుండా పరిస్థితులను మార్చడం వల్ల కూడా మంచి నడవడి సాధ్యమవుతుందని పాలనారంగంలో ఉన్నవారు దీనినుంచి గ్రహించవచ్చు. అయితే అక్కడ ఒక వైచిత్రి కూడా ఉన్నది. ఏటేటా ఆసియా నేల మీద, ఆసియా ప్రేక్షకుల ఎదుట ప్రపంచ శ్రేష్ఠత నిర్ణయమయ్యేది. ఆసియా విజేతకు మాత్రం ఆ మైదానంలో చోటు లేదు. చాపలు పరచిన ఇంటివారికి పంక్తిలో ఆకు వేయలేదు.

2000లో ఫిఫా బ్రెజిల్‌లో నిర్వహించిన తొలి పోటీతో అన్ని ఖండాలకూ పిలుపు అందింది. 2005 నుంచి ఆ పద్ధతి స్థిరపడింది. ఫలితం వెంటనే రాలేదు, కాని వచ్చింది. 2010లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికి చెందిన టి.పి. మజెంబే జట్టు అబూ ధాబీలో బ్రెజిల్ క్లబ్బు ఇంటర్నాసియోనాల్‌ను 2-0తో ఓడించి తుది ఆటకు చేరింది. ఐరోపా, దక్షిణ అమెరికాలకు వెలుపలి జట్టు ఆ స్థాయికి చేరడం అదే ప్రథమం. 2013లో ఆతిథ్య దేశపు విజేతగా ప్రవేశించిన మొరాకో క్లబ్బు రాజా కాసాబ్లాంకా కూడా తుది ఆట ఆడింది. రెండు జట్లూ చివరకు ఓడాయి. కాని నాలుగు దశాబ్దాల పాటు పిలుపే లేని ప్రాంతాలలో ఎటువంటి జట్లు ఉండి ఉండవచ్చునో అవి తెలియజేశాయి.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. బలహీనులను బలవంతుల ఎదుట నిలబెట్టడం గౌరవమా, అవమానమా? 2025లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 32 జట్లతో పోటీని విస్తరించినప్పుడు ఈ ప్రశ్న ప్రత్యక్షంగా ముందుకు వచ్చింది. జూన్ 15న న్యూజిలాండ్‌కు చెందిన ఆక్లాండ్ సిటీ జట్టు బయెర్న్ మ్యూనిక్ చేతిలో 10-0తో ఓడింది. ఆక్లాండ్ ఆటగాళ్లలో అనేకులు ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు పెట్టి వచ్చినవారు. అటువంటివారిని తీసుకువచ్చి పది గోల్స్ తినిపించడం వల్ల ఎవరికి మేలన్న విమర్శ సహజం. ఐరోపాకు 12 స్థానాలు, ఓషియానియాకు ఒక్కటి. పాల్గొన్నందుకు ఐరోపా క్లబ్బులకు కోటి 28 లక్షల డాలర్ల నుంచి 3 కోట్ల 82 లక్షల డాలర్ల వరకు కేటాయించగా, ఓషియానియా క్లబ్బుకు దక్కినది 35 లక్షల 80 వేల డాలర్లు. తలుపు తెరిచినంత మాత్రాన ఇంట్లో ఆసనాలు సమానం కావు. ఈ ఆక్షేపణలో నిజమున్నది, దానిని తోసిపుచ్చరాదు.

కాని కథ అక్కడితో ముగియలేదు. పది గోల్స్ ఓటమి తరువాత తొమ్మిది రోజులకు అదే ఆక్లాండ్ జట్టు, ఖండాంతర కప్పును మూడుసార్లు గెలిచిన అర్జెంటీనా క్లబ్బు బోకా జూనియర్స్‌ను 1-1తో నిలువరించింది. ఆ గోల్‌ను తలతో కొట్టినవాడు ఉపాధ్యాయ వృత్తికి శిక్షణ పొందుతున్న యువకుడు. ఆ పోటీలోనే సౌదీ అరేబియా క్లబ్బు అల్ హిలాల్ అదనపు సమయంలో మాంచెస్టర్ సిటీని 4-3తో ఓడించింది. చివరకు తుది ఆట రెండు ఐరోపా జట్ల మధ్యనే జరిగింది. చెల్సీ 3-0తో పారిస్ సెయింట్ జర్మెయిన్‌పై నెగ్గింది. తలుపు తెరవడం వల్ల గెలిచేవారు మారకపోవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. మారేది గెలుపు అర్థం. అల్ హిలాల్‌కూ ఆక్లాండ్‌కూ తావిచ్చిన పోటీలో నెగ్గిన చెల్సీ, ప్రపంచం అనే మాటను కొంత హక్కుతో పలకగలదు. పది గోల్స్ ఓడిన మనిషికి కలిగే బాధ నిజమైనదే. అయినా రేపు మళ్లీ ఆడే హక్కు మిగిలి ఉన్నంతవరకు అది అవమానం కాదు. పిలవకుండా ఉండటమే అవమానం, ఎందుకంటే దానికి మరుసటి ఆట ఉండదు.

తిరిగి కోల్‌కతాకు వద్దాము. ఖండాంతర విజేతల గౌరవాన్ని నిర్ణయించిన సమావేశం ఆ నగరంలోనే జరగడం యాదృచ్ఛికం. కాని ఆ నగరానికి ఈ విషయంలో చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. 1893లో ఆరంభమైన ఐ.ఎఫ్.ఎ. షీల్డును 1910 వరకు బ్రిటిష్ జట్లే గెలుస్తూ వచ్చాయి. 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తప్ప మిగిలినవారంతా వట్టి కాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించింది. ఆ పోటీలో భారతీయులకు ప్రవేశం లేకుండి ఉంటే ఆ రెజిమెంటు ఓడేది కాదు. దాని గెలుపు రికార్డులలో నిక్షేపంగా ఉండేది. ఎవరూ దానిని అబద్ధమని నిరూపించగలిగేవారు కారు. అయినా అది అబద్ధమే అయ్యేది.

పాత విజేతలను ప్రపంచ విజేతలుగా గుర్తించడం నా దృష్టిలో తప్పు కాదు. పీలే కాలపు శాంటోస్ గొప్పతనానికి ఏ సభ తీర్మానమూ అవసరం లేదు. వారు తమ కాలంలో తెరిచి ఉన్న తలుపులన్నిటినీ దాటి వెళ్లారు. మూసి ఉన్న తలుపులకు ఆటగాళ్లు బాధ్యులు కారు, నిర్వాహకులే బాధ్యులు. అందువల్ల ఆ తీర్మానంలో లోపించినది మరొకటి. గెలిచినవారి పేర్ల పట్టిక సవరించినప్పుడు, ఆ నాలుగు దశాబ్దాలలో పిలుపు అందని ఖండాలను గురించి ఒక్క వాక్యమైనా చేర్చి ఉంటే చరిత్రకు న్యాయం జరిగేది. భారతీయ క్లబ్బు ఏదీ 2025 వరకు ఆ పోటీలో అడుగుపెట్టలేదు. ముందుగా ఆసియాలో ఇంట గెలవవలసిన బాధ్యత మనది. గెలిచి వచ్చిననాడు రచ్చ తెరిచి ఉండేటట్లు చూడవలసిన బాధ్యత అక్కడ ముందే కూర్చున్నవారిది.