ఏడూ ముప్పావు

విజయనగరం

అమ్మలూ,

నేను ఇల్లు చేరి వారమైంది. కోణార్క్ రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది గానీ కింద బెర్తు దొరికింది కాబట్టి నడుం బాగానే ఉంది. నువ్వు కట్టిచ్చిన పులిహోర అన్నవరం దాటేదాకా వచ్చింది. మీ నాన్న స్టేషనుకి స్కూటరు వేసుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పులతో ఎందుకురా అంటే వినడు కదా.

పన్నెండు రోజులు మీ ఇంట్లో ఉన్నాను. చెప్పాలనుకున్న మాట మాత్రం చెప్పకుండానే వచ్చేశాను. ఎదురుగా అంటే నువ్వు "సరేలే అత్తా" అని నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోతావని తెలుసు. ఉత్తరమైతే నీకు వీలున్నప్పుడు చదువుకుంటావు, కోపమొస్తే పక్కన పెట్టి మర్నాడు మళ్ళీ తీస్తావు.

త్యాగరాజ ఆరాధన రోజు గుర్తుందా? టీవీలో తిరువయ్యారు నుంచి పంచరత్నాలు వస్తున్నాయి. నువ్వు కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నావు. కాసేపటికి నీ ఎడమచెయ్యి మోకాలి మీదకి వెళ్ళింది. చూపుడువేలూ మధ్యవేలూ జంటగా, మెట్టు మీంచి మెట్టుకి జారినట్టు కదలడం మొదలుపెట్టాయి. నీకు తెలియకుండానే కదిలాయవి. పాట అయ్యాక ఆ రెండు వేళ్ళ కొసలూ వెలుతురులో పెట్టి చూసుకుని, "గీతలు పోయాయత్తా" అన్నావు. తరవాత, "వీణలో డిప్లమా కట్టాలని ఎప్పట్నుంచో ఉంది, ఖాళీ దొరకడం లేదు" అన్నావు. ఆ రెండో మాట నువ్వు నాలుగేళ్ళుగా అంటున్నావు. మొదటి మాట మాత్రం అప్పుడే విన్నాను. వీణ వాయించే రోజుల్లో నీ వేళ్ళ మీద తీగ కోసిన నల్లటి గీతలుండేవి. పెళ్ళిచూపుల నాడు మీ అమ్మ వాటికి కొబ్బరినూనె రాసి కనపడకుండా చెయ్యాలని చూస్తే నువ్వు ఒప్పుకోలేదు.

మర్నాడు నువ్వు ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు మంచం వెనక నుంచి వీణ తీసి, గలేబు విప్పి చూశాను. నీతో చెప్పలేదు, ఏమనుకోకు. సారణి ఎర్రగా తుప్పు పట్టింది. మంద్రం తీగ తెగిపోయి, బిరడకి చిన్న ముక్క వేలాడుతోంది. ఎండాకాలం వేడికి మైనం కారి పై కొసన రెండు మెట్లు పక్కకి ఒరిగాయి. గొల్లపల్లిలో నేనూ మీ నాన్నా దగ్గరుండి చేయించిన వీణ అది. అప్పుడు నీకు పన్నెండేళ్ళు. ఏకాండి వీణ, కుండా దండీ అతుకు లేకుండా ఒకే పనస మొద్దులోంచి తొలిచింది. మనం వెళ్ళేసరికి వీణ ఇంకా మొద్దులోనే ఉంది, ఉలితో లోపలి చెక్క తోడుతున్నారు. నువ్వు ఆ చెక్కపొట్టు గుప్పెడు తెచ్చుకుని జామెట్రీ బాక్సులో దాచుకున్నావు. అంత ఇష్టం ఏటా కొంచెం కొంచెంగా ఎలా వెనక్కి జరిగిందో నాకు తెలుసు. ఎందుకంటే నాకూ అలాగే జరిగింది.

నా సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఇరవై మూడో ఏట బళ్ళో పంతులమ్మగా చేరాను. తెలుగు ఎం.ఏ. చెయ్యాలని కోరిక. పెద్దాడి అక్షరాభ్యాసం అయ్యాక కడదామనుకున్నాను. ఆ తరవాత చిన్నది పుట్టింది, ఆడపడుచు పెళ్ళి వచ్చింది, మామగారికి ఆపరేషన్ అయింది. పదకొండేళ్ళు గడిచాయి. పుస్తకాలు బియ్యం డబ్బా వెనక పెట్టుకునేదాన్ని. రాత్రి అందరూ పడుకున్నాక వంటింటి గడప మీద కూర్చుని చదివేదాన్ని. ఎవరైనా మంచినీళ్ళకి లేచిన చప్పుడైతే పుస్తకం చీరకుచ్చెళ్ళ కింద పెట్టి, గిన్నెలు సర్దుతున్నట్టు చేతులు ఆడించేదాన్ని. చదవొద్దని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. నాకై నేనే ఆ కోరికని దొంగసొత్తులా దాచాను. దాచిపెట్టి చదివిన చదువు నాలుగు పేజీలు ముందుకి, మూడు పేజీలు వెనక్కి. మనసు సగం పుస్తకం మీదా సగం చప్పుళ్ళ మీదా ఉంటే ఏం ఎక్కుతుంది?

ఒక శ్రావణమాసం సాయంత్రం మీ మావయ్యతో అనేశాను. "రోజూ ఐదున్నర నుంచి ఆరున్నర దాకా నేను ఇంట్లో లేననుకోండి, ముందుగదిలో చదువుకుంటాను" అని. గొంతు వణికింది. ఆయన పేపరు దించి నా వంక చూసి, "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు. అంతే. పదకొండేళ్ళు నేను మోసిన బరువుకి ఆయన దగ్గరున్న జవాబు ఆ రెండు మాటలే. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

మా అత్తగారు మొదటి వారం మొహం ముడుచుకునే ఉన్నారు. రెండో వారం ఆ గంటసేపు పొయ్యి సంగతి ఆవిడే చూసుకున్నారు. ఇంకో నెల పోయాక ఒకరోజు నేను చదువుకి కూర్చోకుండా బట్టలు మడత పెడుతుంటే పెరట్లోంచి, "ఒసే, నీ గంట అయిపోతోంది" అని కేకేశారు. నీ గంట అన్నారు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన తరవాత నాదంటూ ఒక వస్తువుని ఎవరైనా నాదని పిలవడం అదే మొదలు. ముప్పై ఏడో ఏట ఎం.ఏ. పాసయ్యాను. ఆవిడే వీధంతా బెల్లం పంచారు.

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. అడిగినా పెట్టని ఇళ్ళున్నాయి, నాకు తెలుసు, అలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళకి నేనీ ఉత్తరం రాయను, వేరే రాస్తాను. నీ ఇల్లు అలాంటిది కాదు. అబ్బాయి నెమ్మదస్తుడు, పాపకి జడ వేసి పెడతాడు, కూరలు తరిగి ఇస్తాడు. నీకు వీణ మీద ఇంత బెంగ ఉందని అతనికి తెలియదు. నేను మాటల్లో కదిపి చూశాను, "తనకిప్పుడు ఇంట్రెస్ట్ పోయిందనుకుంటా అత్తయ్యగారూ" అన్నాడు. అతని తప్పేముంది? మంచం వెనక ఉన్నదాన్ని చూసి ఎవరైనా అలాగే అనుకుంటారు. కాబట్టి ముందు అతనికి చెప్పు. మీ అత్తగారికి చెప్పు. ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా నాది అని చెప్పు. వాళ్ళిద్దరికీ చాలు. ఫామిలీ గ్రూపులో పెట్టకు. వాయించకముందే నలభైమంది చప్పట్లు కొట్టేస్తే, వాయించిన తృప్తి అప్పుడే వచ్చేసి వేళ్ళు బద్ధకిస్తాయి.

ఇక వేళ సంగతి. సంగీతం చెప్పేవాళ్ళంతా తెల్లవారుజామున నాలుగింటికి లేచి సాధన చెయ్యమంటారు. నేననను. రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్ళతో మాట్లాడి పడుకునే పిల్లని నాలుగింటికి లేవమనడం అన్యాయం. నీ రోజుని నేను పన్నెండు రోజులు దగ్గరగా చూశాను. ఏడూ ముప్పావుకి పాపని బస్సెక్కించి పైకి వస్తావు. ఎనిమిదింటికి అబ్బాయి బయల్దేరతాడు. నువ్వు తొమ్మిదిన్నరకి లాప్‌టాప్ తెరుస్తావు. మధ్యలో వంట, స్నానం ఉన్నాయి, కాదనను. కానీ బస్సెక్కించి వచ్చాక సోఫాలో కూర్చుని ఫోను తీస్తావు చూడు, అది రోజూ అరగంట. ఒకరోజు నలభై నిమిషాలు. తప్పు పట్టడం లేదు తల్లీ, ఆరింటి నుంచి పరుగులు పెట్టిన ఒళ్ళు కూలబడుతుంది, చేతికి ఏది దొరికితే అది తీస్తుంది. కాకపోతే ఆ అరగంట తరవాత నువ్వు లేచేటప్పుడు నీ మొహంలో విశ్రాంతి నాకు కనిపించలేదు. ఒక్కరోజూ కనిపించలేదు. ఆ వేళ చేతికి వీణ దొరకాలి.

పాతిక నిమిషాలు. ఎక్కువ వద్దు. ఏడాదిలో జ్వరాలకీ ప్రయాణాలకీ చుట్టాలకీ 65 రోజులు తీసేసినా 300 రోజులు మిగులుతాయి, అంటే 125 గంటలు. నువ్వు సర్టిఫికెట్ పరీక్షకి కట్టిన ఏడాది వారానికి రెండు క్లాసులు వెళ్ళేదానివి, గంట చొప్పున. లెక్క వేసుకో. ఆదివారం రెండు గంటలు కూర్చుంటానని మాత్రం అనొద్దు. ఆదివారం తలంట్లు, ఇడ్లీపిండి, ఎవరింట్లోనో పుట్టినరోజు. నేను ఆదివారాలని నమ్మి పోగొట్టుకున్న నెలలు చాలా ఉన్నాయి.

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు చెబితే అందరూ వాడుక భాష అంటారు. నాకు ఆయన సవర భాష నేర్చుకున్న తీరు అంతకంటే ఇష్టం. 1880లో, పదిహేడేళ్ళకి, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ళ భాషకి అప్పటికి పుస్తకం లేదు, నేర్పే బడి లేదు. ఆయన ఉద్యోగం మానుకోలేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకున్నారు. బడి వదిలి ఇంటికొస్తే నేర్చుకోవాల్సిన భాష వీధరుగు మీద కూర్చుని ఉన్నట్టే. మన్యం తిరిగి జ్వరాలు పడ్డారు, క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్నారు. భాష నేర్చుకునే మనిషికి చెవులు పోవడమంటే ఏమిటో ఆలోచించు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో. 1940లో ఆయన పోయారు. బడిపంతుల్ని కాబట్టి నాకు ఆ ఇంటి సాయంత్రాలు కళ్ళకి కడతాయి: దిద్దిన పుస్తకాల కట్ట పక్కన పెట్టి, ఆ మనిషిని ఒక మాట మళ్ళీ అనమని అడిగి, రాసుకోవడం.

నీ వీణ కూడా అలా ఎదురుగా కూర్చోవాలి. మంచం వెనక ఉన్నదాన్ని తియ్యాలంటే రెండు సూట్‌కేసులు జరపాలి, ఇస్త్రీ బల్ల ఎత్తాలి. నేను తీసినప్పుడు ఆరు నిమిషాలు పట్టింది. పాతికలో ఆరు పోతే ఇంకేముంది? హాల్లో కిటికీ పక్కన చాప వేసి, దాని మీద పెట్టి, పాత పట్టుచీర ముక్క కప్పు. పాప ముట్టుకుంటుందని నీ భయం. ముట్టుకోనీ. తాళ తీగలు మీటనీ. తెగితే తీగే కదా తెగేది.

పంతులుగారికి వంటా పిల్లలూ చూసుకునే పని లేదు కదా అంటావు. న్యాయమే. అయితే భండారు అచ్చమాంబని తలుచుకో. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. పదేళ్ళకే పెళ్ళి. బడి గుమ్మం ఎక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆవిడ ఇంట్లో ఉండి చదువుకుంటుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. తెలుగుతో ఆగలేదు, హిందీ, మరాఠీ కూడా పట్టింది. కన్నబిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంలోనే స్త్రీల జీవితచరిత్రలు పోగుచేసి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. మొదటి భాగం 1901లో వచ్చింది. 1905లో, ముప్పై ఏళ్ళకి, వెళ్ళిపోయింది. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. బాధ్యతలు తీరాక అనుకుని ఉంటే ఆవిడ పుస్తకం నా బీరువాలో ఉండేది కాదు. పాప చదువు పాడవుతుందేమో, నీ సుఖం నువ్వు చూసుకున్నట్టవుతుందేమో అని నీకు లోపల పీకుతుంది, నాకు తెలుసు. పాప పెద్దయ్యాక మా అమ్మకి వీణ వచ్చట అని చెప్పుకోవడం వేరు, అమ్మ వాయిస్తుంటే విని పెరగడం వేరు.

మొదటి నెల సరళీ స్వరాలే, మూడు కాలాలు. మోహన వర్ణం మీదకి చెయ్యి పోతుంది, పోనీకు. ఎప్పుడైనా మూడు రోజులు తప్పిపోతే నాలుగో రోజు రెండు గంటలు కూర్చుని బాకీ తీర్చాలని చూడకు. లేత వేళ్ళు బొబ్బలెక్కి మళ్ళీ వారం పోతుంది. తప్పిన రోజులకి వడ్డీ లేదు. నాలుగో రోజు కూడా పాతిక నిమిషాలే.

మొన్న బొబ్బిలి బస్సెక్కి గొల్లపల్లి వెళ్ళొచ్చాను. సారణి తీగలు మూడు, పంచమం రెండు, మంద్రం ఒకటి కొన్నాను. ఎల్లుండి ఓ పెళ్ళికి మీ నాన్న హైదరాబాదు వస్తున్నాడు కదా, పొట్లం వాడి చేతికిస్తున్నాను. మెట్లు సరిచేసి మేళం కట్టేవాళ్ళు మీ ఊళ్ళో ఎవరున్నారో కూడా కనుక్కుని చీటీ మీద రాసి అందులోనే పెట్టాను. మైనం నువ్వు వెచ్చజెయ్యకు, ఆ పని తెలిసినవాళ్ళకే వదిలెయ్యి. వాళ్ళు వచ్చేదాకా మాత్రం ఆగొద్దు. ఒరిగిన రెండు మెట్లూ పై కొసవి, సరళీ స్వరాలకి వాటితో పని లేదు. శనివారం సారణి మార్చి, ఆదివారం అబ్బాయికి చెప్పి, సోమవారం పాప బస్సెక్కగానే కూర్చో.

మీ అత్త